కంచె మార్చే ముందు ఇంట్లో తేలాల్సినవి

పేరు బయటపెట్టొద్దంటూ ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. వయసు నలభై దాటింది. పుట్టి పెరిగిన ఇంట్లోనే ఇప్పుడు తల్లితో కలిసి ఉంటున్నారు. తండ్రి పోయి కొన్నేళ్లయింది. ఇంటికి రెండు వైపులా ఆయన తన చేతులతో కట్టిన చెక్క కంచె ఉంది, అంతా కలిపి సుమారు 120 అడుగులు. ఈమధ్య వచ్చిన గాలివానకు అందులో ఒక భాగం ఒరిగిపోతే తాళ్లతో చెట్టుకు కట్టి నిలబెట్టారు. మిగతా గుంజలు కూడా చెయ్యి వేస్తే ఊగుతున్నాయి.

సంగతి తెలిసి నలుగురు చిన్ననాటి స్నేహితులు ముందుకొచ్చారు. "సామాను తెప్పించు చాలు, ఒక శని ఆదివారాల్లో లేపేద్దాం" అన్నారు. ఆవిడకు కొండంత ధైర్యం వచ్చింది. ఆ మాట ఇంట్లో చెప్పిన రోజు నుంచే చిక్కులు మొదలయ్యాయి. వేరే ఊళ్లో ఉండే అన్నయ్య, "నలుగురినీ బతిమాలుకుని చేయించుకునే ఖర్మ మనకేంటి? డబ్బు నేను పంపిస్తా, కాంట్రాక్టుకు ఇచ్చెయ్" అన్నారు. తల్లేమో, "అది మీ నాన్న కట్టింది, నేనున్నన్నాళ్లూ పీకొద్దు" అంటున్నారు. పక్కింటాయన ఒకరోజు ఆగి, "కొత్తది వేసేటప్పుడు చూసుకోమ్మా, పాతది మా వైపు అడుగు జరిగి ఉంది" అనేసి వెళ్లారు. స్నేహితుల్లో ఒకరికి నడుముకు ఆపరేషన్ అయింది, అయినా వస్తానని పట్టుబడుతున్నారు. ఇంకొకరు గుంజల సైజు దగ్గర్నుంచి గేటు ఎటు తెరుచుకోవాలో వరకు అన్నీ తనే తేల్చేస్తున్నారు.

"ఇంత సాయం తీసుకుని రుణం ఎలా తీర్చుకోను? వద్దంటే నొచ్చుకుంటారేమో. అన్నయ్య డబ్బు తీసుకుంటే ఆయన చెప్పినట్టే నడవాలి. అమ్మను ఏడిపించి కంచె కట్టలేను. అలాగని ఇంకో గాలివాన వస్తే ఉన్నది కూడా పడిపోతుంది. ఏం చెయ్యమంటారు?" అని అడిగారు.

అమ్మా, మీరు అడిగింది స్నేహితుల సాయం గురించి. మిమ్మల్ని నిద్రపోనివ్వనివి మాత్రం వేరే మూడున్నాయి: అమ్మ ఒప్పుకోవడం, అన్నయ్య మాట, పక్కింటి హద్దు. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఆ నలుగురి చేతిలో లేదు. ఇవి తేలకుండానే ఆ శనివారం వచ్చేసిందనుకోండి. అమ్మ గుమ్మంలో కూర్చుని కళ్లు తుడుచుకుంటుంటే, పక్కింటాయన టేపు పట్టుకుని వస్తే, అన్నయ్య ఫోన్లో గట్టిగా మాట్లాడుతుంటే, గునపాలు పట్టుకుని నిలబడ్డ మీ స్నేహితులు ఎవరి మాట వినాలి? వాళ్లు చేతిసాయం చేయగలరు. నిర్ణయాలు మాత్రం మీ ఇంట్లోంచే రావాలి, అదీ వాళ్లు రాకముందే. మీరు దిగులుపడుతున్న రుణభారంలో సగం ఇక్కడే ఉందని నాకనిపిస్తోంది. ఒకరోజు కష్టం స్నేహితులు ఇష్టంగానే పడతారు. ఇంటి గొడవ మధ్యలో ఇరుక్కుంటే మాత్రం అది చాలాకాలం గుర్తుంటుంది.

అన్నిటికన్నా ముందు ఒక పని. చెట్టుకు తాళ్లతో కట్టిన భాగాన్ని అలా వదిలేయకండి. తడిసి ఎండుతున్నకొద్దీ తాడు సడలుతుంది, గాలికి కంచె ఊగినప్పుడల్లా పక్క గుంజలు ఇంకా కదులుతాయి. పక్కన ఎవరైనా నడిచే దారి ఉంటే ఆ భాగాన్ని ఇప్పుడే విప్పి నేల మీద పెట్టించండి, లేదంటే ఏటవాలుగా రెండు ఊతకర్రలు పెట్టించండి. కంచె విషయం తేలడానికి పట్టే రోజులు దాంతో మీ చేతికొస్తాయి.

ఇక హద్దు. పక్కింటాయన మాట మీకు ముల్లులా గుచ్చుకుందని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. కానీ మీరు కంచె పీకక ముందే ఆయన చెప్పారు. కట్టాక చెప్పేవాళ్లే ఎక్కువ. ఆ మేరకు అది మంచిదే. పాత కంచె ఉన్నచోటే హద్దు ఉండాలని లేదు. కట్టే రోజుల్లో చెట్టు వేరు అడ్డొచ్చిందనో, బండ తగిలిందనో గుంజను కాస్త ఇటో అటో జరిపి పాతడం మామూలే. మరోవైపు, ఏళ్ల తరబడి ఎవరూ కాదనకుండా ఒకచోట నిలబడ్డ కంచెకు చట్టం దృష్టిలో కొంత విలువ ఉండొచ్చు. ఎన్నేళ్లకు, ఏ షరతుల మీద అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. అందుకే ముందు పీకేసి తర్వాత హద్దు మాట్లాడుకుందామనుకోవద్దు. పాత కంచె నిలబడి ఉండగానే ప్రతి గుంజనూ ఫొటో తీయించండి. ఇంటి గోడ నుంచి ఒక్కో గుంజ ఎంత దూరంలో ఉందో కాగితం మీద రాసిపెట్టండి. ఇంటి పత్రాలు తీసి, సర్వేయరును పిలిచి, పక్కింటాయన ఎదుటే కొలిపించండి.

కొలిచాక ఆయన మాటే నిజమైతే జరిపి కట్టడం మేలు. ఎలాగూ కొత్త గుంతలు తవ్వాల్సిందే కాబట్టి జరపడానికి అదనపు కష్టం లేదు. ఆయన పొరబడి ఉంటే ఆ కొలతల కాగితమే మాట్లాడుతుంది, మీరు గొంతు పెంచే పని ఉండదు. తేలకపోతే మాత్రం కొందరు ఒక సలహా ఇస్తారు: గొడవెందుకు, మనవైపే ఒక అడుగు లోపలికి కట్టుకుంటే పోతుందని. ఈరోజుకు ప్రశాంతంగానే ఉంటుంది. కానీ ఆ వదిలేసిన అడుగు ఇరవై ఏళ్లకు ఎవరిదవుతుందో చెప్పలేం. అలా కట్టాల్సి వస్తే, ఈ కంచె హద్దు కాదని ఇద్దరూ ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా పెట్టుకున్నాకే కట్టండి. ఆ కాగితం ఎలా రాయాలో ఒక లాయరును అడగండి.

అమ్మ సంగతి ఇంత తేలిగ్గా తేలేది కాదు. ఆవిడ "పీకొద్దు" అన్నదాన్ని మొండితనంగా తీసుకోకండి. భర్త చేతిపని ఆ ఇంట్లో కళ్లెదురుగా మిగిలింది అదే. మీరూ, అన్నయ్యా, నలుగురు స్నేహితులూ దాని గురించి మాట్లాడుకుంటున్నారు. ఆవిడను ఎవరైనా కూర్చోబెట్టి అడిగారా అన్నది మీ ఉత్తరంలో నాకు కనిపించలేదు.

ఒకరోజు సాయంత్రం ఆవిడను వెంటబెట్టుకుని కంచె దగ్గరికి వెళ్లండి. ఒక గుంజ మొదట్లో మట్టిని నాలుగు వేళ్ల లోతు తోడి, స్క్రూడ్రైవరు ఆవిడ చేతికే ఇవ్వండి. నడుము ఎత్తులో పొడిస్తే మొన దిగదు, రంగు పెచ్చు మాత్రమే రాలుతుంది. నేలను తాకేచోట పొడిస్తే పిడి దాకా మెత్తగా దిగిపోతుంది, బయటికి లాగితే మొనకు తడి పొట్టు అంటుకుని వస్తుంది. కర్రను తినే బూజుకు తేమా కావాలి, గాలీ కావాలి. పైభాగం వానకు తడిసినా ఆరిపోతుంది. బాగా లోతున గాలి అంతగా ఆడదు. రెండూ కలిసి దొరికేది సరిగ్గా నేల అంచున. అందుకే గుంజ పైనుంచి చూస్తే నిక్షేపంగా ఉండి, ఒక గాలికి మొదట్లో పుటుక్కున విరుగుతుంది. మీ నాన్నగారి పనిలో లోపమేమీ లేదు. ఈ మాట అమ్మకు తప్పకుండా చెప్పండి. ఆవిడకు తన భర్త కట్టింది పనికిరానిదైపోయిందని వినిపిస్తోందేమో.

ఆ పరీక్షలో ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. నేలకు జానెడు పైన కర్ర చాలాచోట్ల గట్టిగానే ఉంటుంది. అలాంటప్పుడు దారులున్నాయి. గుంజలు మాత్రమే కొత్తవి వేసి, బాగున్న పలకలు మళ్లీ వాటికే బిగించుకోవచ్చు. అప్పుడు చూపుకు అది నాన్నగారి కంచెగానే ఉంటుంది. కాకపోతే పాత పలకలు కొత్త గుంజలంత కాలం ఉండవు, కొన్నేళ్లకు మళ్లీ ఒక విడత పని పడుతుంది. అమ్మ మనశ్శాంతి కోసం ఆ రెండో విడత పెట్టుకోవడం నా దృష్టిలో నష్టమేమీ కాదు. లేదూ అంతా కొత్తదే కావాలంటే, ఆవిడ కూర్చునే చోటికి కనిపించే ఒక భాగాన్నో, గేటు రెక్కనో ఉంచేయొచ్చు, మంచి కర్ర ఏరి ఒక బల్ల చేయించొచ్చు. ఏది ఉంచాలో ఆవిడనే చెప్పనివ్వండి. కంచె మీద ఆవిడ పెంచిన తీగ ఉందని రాశారు కదా, దాన్ని ముందే సగానికి కత్తిరించి, మిగిలినదాన్ని మెల్లగా విడదీసి నేల మీద పట్టా పరిచి పడుకోబెడితే మళ్లీ ఎక్కించుకోవచ్చు. ఆ పని పలకలు విప్పేవాళ్లకు వదలొద్దు, మీరూ అమ్మా చేసుకోండి.

ఇంత చేశాక కూడా ఆవిడ వద్దనే అంటే? అప్పుడు పడిపోయిన భాగం, బాగా ఊగుతున్న గుంజలు మాత్రం మార్చి ఆగండి. ఆవిడ మాట దక్కుతుంది, పడే ప్రమాదమూ తప్పుతుంది. మిగతాది ఇంకో ఏడాది మాట.

అన్నయ్య గురించి ఒకటి అడగాలి. ఇల్లు ఎవరి పేరున ఉంది? తండ్రి తర్వాత పత్రాలు మార్చకపోతే ఆయనకూ అందులో వాటా ఉండొచ్చు. అప్పుడు హద్దు జరపడం లాంటిది ఆయన ఒప్పుకోకుండా చేయకూడదు. "ఖర్మ" అన్న మాట మిమ్మల్ని బాధపెట్టింది, నిజమే. కానీ దూరాన ఉన్న కొడుకు, నాన్న కట్టిన కంచెను చెల్లెలి స్నేహితులు కడతారని విన్నప్పుడు, తను చేయాల్సింది వేరేవాళ్లు చేస్తున్నారన్న నొప్పి ఉంటుంది. డబ్బు పంపుతాననడం ఆ నొప్పికి ఆయనకు దొరికిన మందు. ఆ డబ్బును పూర్తిగా కాదంటే ఆయన్ను బయటికి నెట్టినట్టవుతుంది. పూర్తిగా తీసుకుంటే మీరు భయపడుతున్నట్టే పెత్తనం కూడా వస్తుంది. మధ్యలో దారి ఉంది: ఒక పద్దు ఆయన పేరున పెట్టండి. "అన్నయ్యా, గుంజలు, సిమెంటు, వాటిని పాతించే కూలి నీ డబ్బుతో. పలకలు, గేటు నేను చూసుకుంటా. నీకు కుదిరితే ఆ రోజు వచ్చి మొదటి గుంజ నువ్వే నిలబెట్టు" అని చెప్పి చూడండి. వస్తే మంచిదే. రాకపోయినా పిలవలేదన్న మాట ఉండదు.

"పాతించే కూలి" అని ఊరికే అనలేదు. మీ స్నేహితులు శని ఆదివారాల్లో అయిపోతుందన్నారు కదా, ఆ లెక్క ఒకసారి చూడండి. 120 అడుగులకు 8 అడుగులకో గుంజ వేస్తే కనీసం 16 గుంజలు, గేటుకు వేరే. 6 అడుగుల ఎత్తు కంచెకు గుంజ కనీసం రెండున్నర అడుగులు నేలలో ఉండాలి, మొత్తం పొడవులో మూడోవంతు పాతితే ఇంకా మంచిది. నేల గడ్డకట్టే చలి ఉన్న చోట ఆ గడ్డ కన్నా లోతుకు వెళ్లాలి. 4 అంగుళాల గుంజకు గుంత వెడల్పు 12 అంగుళాలు. అడుగున అర అడుగు కంకర పోసి, పైన కాంక్రీటు నింపితే ఒక్కో గుంతకు దాదాపు 110 కిలోలు పడుతుంది. పదహారింటికీ కలిపి సుమారు ఒకటిముప్పావు టన్ను. అంత బరువు కలిపి, మోసి, పోయాలి. ఈలోగా తవ్వితీసిన మట్టి కూడా దాదాపు అంతే ఉంటుంది. పాత గుంజలకు కాంక్రీటు దిమ్మలుంటే వాటిని పెళ్లగించడం కొత్త గుంత తవ్వడం కన్నా కష్టం. వాటి జోలికి పోకుండా, పాత రెండు గుంజల నడుమ కొత్త గుంజ వచ్చేలా సర్దుకోవచ్చు.

పైగా కాంక్రీటు పోసిన మర్నాడే పలకలు బిగిస్తే గుంజలు ఒరుగుతాయి. ఊతకర్రలు పెట్టి కనీసం రెండు రోజులు కదపకుండా వదలాలి, బరువైన గేటు వేలాడదీసే గుంజకు ఇంకా ఎక్కువ రోజులివ్వాలి. అంటే ఒకే శని ఆదివారాల్లో మొదలుపెట్టి ముగించాలన్న పథకమే కుదరదు.

కాబట్టి మీ ముందు మూడు దారులున్నాయి. స్నేహితులతోనే అంతా చేసుకోవచ్చు, కానీ రెండు వారాంతాలు అడగాలి: మొదటిది పీకడానికి, పాతడానికి, రెండోది పలకలకు. ఖర్చు తక్కువ, ఒళ్లు హూనమవుతుంది, రెండో వారానికి నలుగురిలో ఇద్దరే రావచ్చు. అంతా కాంట్రాక్టుకు ఇవ్వొచ్చు. చకచకా అయిపోతుంది, అన్నయ్యకు తృప్తి; కానీ నాన్నగారి పలకల్లో మంచివి ఏరి దాచే ఓపిక కూలికొచ్చినవాళ్ల దగ్గర మీరు ఆశించలేరు. మూడోది రెండింటినీ కలపడం. పలకలు విప్పడం, మంచివి ఏరడం, మేకులు పీకడం స్నేహితులతో ఒకరోజు. గుంతలు, గుంజలు, కాంక్రీటు కూలివాళ్లతో తర్వాతి వారం రోజుల్లో. పలకలు, రంగు, గేటు మళ్లీ స్నేహితులతో. నాకు మూడోదే మొగ్గు. మీ స్నేహితుల నడుములు నిలబడతాయి, కంచె కూడా నిలబడుతుంది. వాళ్లు రావాలనుకున్నదీ మీతో కలిసి పని చేయడానికే కానీ సిమెంటు మోయడానికి కాదు కదా.

అన్నీ తేల్చేస్తున్న ఆ స్నేహితుడిని దూరం పెట్టకండి. పని తెలిసినవాడు ఒకడు ఉండటం అదృష్టం. ఆయన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు, అంతే. ఎత్తెంత, గేటు ఎటు, ఏ చెక్క, ఏది ఉంచుతున్నాం అన్నవి మీరూ అమ్మా తేల్చి కాగితం మీద రాసి ఆయనకివ్వండి. "ఇది ఎలా చేయాలో నువ్వు చెప్పు" అనండి. ఏం కట్టాలన్నది మీది, ఎలా కట్టాలన్నది ఆయనది. మూల గుంజలు ముందు నిలబెట్టి, వాటి మధ్య దారం లాగి, మిగతావి దానికి ఆనించి, ఒక్కో గుంజకు రెండు వైపులా మట్టం చూసే పని ఆయన చక్కగా చేయిస్తాడు. పలకలు నేలకు తగలకుండా రెండంగుళాలు పైకి ఉంచమని, తుప్పు పట్టని పూత ఉన్న స్క్రూలే వాడమని మాత్రం మీరే అడగండి.

నడుము ఆపరేషన్ అయినాయనతో ఆ రోజు పదిమందిలో వాదన పెట్టుకోవద్దు. ముందే ఫోన్ చేసి, "నువ్వు రావాలి, కానీ కొలతలూ దారమూ నీవి, ఎత్తడం లేదు" అని ఒప్పించండి. దారం పట్టేవాడు లేకపోతే కంచె వంకరే వస్తుంది కాబట్టి అది జాలిపడి ఇచ్చిన పని కాదు.

దెబ్బల గురించి మీరు రాయలేదు, నాకు బెంగగా ఉంది. తవ్వే వరుసలో నీళ్ల పైపు, కరెంటు కేబులు లేవని ముందే కనుక్కోండి. తడి సిమెంటు గంటల తరబడి చర్మానికి అంటి ఉంటే కాలుతుంది, మంట తెలిసేసరికి ఆలస్యమవుతుంది. తొడుగులు, దగ్గర్లో నీళ్లు ఉండాలి. ధనుర్వాతం తెచ్చే క్రిములు ఉండేది మట్టిలో. తుప్పు లేని మేకైనా లోతుగా దిగితే ప్రమాదమే, వచ్చేవాళ్లు టీకా ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోమనండి, పదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి. పాత చెక్కను చలిమంటకు వాడొద్దు. పాత రంగుల్లో సీసం, పాతకాలం మందు పట్టించిన కర్రలో ఆర్సెనిక్ ఉండొచ్చు, అవి పొగలోకీ బూడిదలోకీ వస్తాయి. ఇంత చూసుకున్నా ఎవరికైనా దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు మీదేనని మనసులో ముందే అనుకోండి, ఇంటికి బీమా ఉంటే ఇలాంటివి వర్తిస్తాయేమో అడగండి.

ఇక రుణం. వాళ్లు డబ్బు పుచ్చుకోరు, ఇస్తే నొచ్చుకుంటారు కూడా. వాళ్ల సమయాన్ని వృథా చేయకపోవడమే మీరు చూపగల మర్యాద. వాళ్లు వచ్చేసరికి సామానంతా దిగి ఉండాలి, స్క్రూల కోసం ఒకరు బజారుకు పరుగెత్తకూడదు. నీడ, నీళ్లు, వేళకు భోజనం ఉండాలి. ఫలానా గంటకు ఆపేస్తామని చెప్పి, పని మిగిలినా ఆపేయాలి. రాలేనివాళ్లు సులువుగా తప్పుకునేలా ఒక మాట అందరికీ ముందే చెప్పండి. వచ్చే నెలల్లో వాళ్ల ఇళ్లలో ఏ పనులు ఆగి ఉన్నాయో గమనించండి. పిలుపు కోసం చూడకుండా మీరు వెళ్లండి. చిన్ననాటి స్నేహితుల మధ్య ఇంతకన్నా లెక్క అవసరం లేదు.

ఈ వారం సర్వేయరుతో మాట్లాడి, పక్కింటాయనకు ఏ రోజు వీలవుతుందో అడగండి. అమ్మను కంచె దగ్గరికి తీసుకెళ్లేది కూడా ఈ వారమే. స్నేహితులు తేదీ అడిగితే, హద్దు కొలిపించాక చెబుతానని చెప్పండి.